సంక్షేమ ప్రయోజనాల సమాచారం: నిజామాబాద్, బోధన్ చెరకు ప్రాంతం

జీతానికి తోడుగా ఉద్యోగికి చట్టం వల్లనో యాజమాన్యం నిర్ణయం వల్లనో దక్కేవాటిని సంక్షేమ ప్రయోజనాలు అంటారు. భవిష్యనిధి, పెన్షన్, గ్రాట్యుటీ, బోనస్, బీమా, వైద్యం, ప్రసూతి సెలవు, క్యాంటీన్, క్వార్టరు ఇందులోకి వస్తాయి. ఇవి ఎవరికి వర్తిస్తాయి, ఎప్పుడు చేతికందుతాయి, ఏ షరతు తప్పితే పోతాయి, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలి అన్నది ఉద్యోగికీ ఇంట్లోవాళ్లకీ అర్థమయ్యేలా చెప్పడం సంస్థ నిర్వహణలో ఒక ప్రత్యేకమైన పని. పాఠ్యపుస్తకాలు దీన్ని సాధారణంగా పెద్ద నగరాల కార్యాలయాలను దృష్టిలో పెట్టుకుని వివరిస్తాయి. అక్కడ ప్రతి ఉద్యోగికీ ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, ఒక ఈమెయిలు ఉంటాయి. నిజామాబాద్, బోధన్ ప్రాంతంలో పని స్వరూపం వేరు. చక్కెర మిల్లు ఏడాదిలో కొన్ని నెలలే ఆడుతుంది, బీడీ కార్మికురాలు ఇంటి అరుగు మీదే పని చేస్తుంది, రైసుమిల్లు హమాలీ వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఉంటాడు. అందుకే ఇక్కడ సమాచారం అసలు మనిషికి చేరుతుందా అన్నదే మొదటి ప్రశ్న.

నేపథ్యం

మంజీర నది మీద 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ కాలువల నీటితో బోధన్ పరిసరాల్లో చెరకు విస్తరించింది. దాని వెంట 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందిన ఈ కర్మాగారం చుట్టూ శక్కర్‌నగర్ అనే కాలనీ పెరిగింది. క్వార్టర్లు, ఆసుపత్రి, బడి అన్నీ కర్మాగారానికి అనుబంధంగానే ఉండేవి. సంక్షేమం కంటికి కనిపించే రూపంలో ఉన్నప్పుడు దాన్ని వివరించాల్సిన అవసరం పెద్దగా రాదు. ఆసుపత్రి ఎక్కడుందో కార్మికుడి భార్యకు తెలుసు, బడి ఎక్కడుందో పిల్లలకు తెలుసు. భవిష్యనిధి, కుటుంబ పెన్షన్, గ్రాట్యుటీ అలా కాదు. అవి ఖాతాల్లో, రిజిస్టర్లలో ఉంటాయి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ వాటి ఊసు ఎవరికీ పట్టదు. కర్మాగారం నడిచినంతకాలం కాలనీ జీవితం ఈ రెండో రకాన్ని కప్పేసిందనే చెప్పాలి.

2002లో ప్రభుత్వ రంగంలోని నిజాం షుగర్స్ ప్రధాన యూనిట్లు, శక్కర్‌నగర్, మెట్‌పల్లి, ముంబోజిపల్లి, సంయుక్త రంగంలోకి మారాయి. నిజాం డెక్కన్ షుగర్స్ పేరుతో ఏర్పడిన ఈ సంస్థలో ప్రైవేటు వాటా 51 శాతం, ప్రభుత్వ వాటా 49 శాతం. 2015 డిసెంబరులో మూడు యూనిట్లకూ లాకౌట్ ప్రకటించారు. తర్వాత వ్యవహారం జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు చేరి, 2019లో లిక్విడేషన్ ఉత్తర్వు వెలువడింది. నిజామాబాద్ దగ్గర సారంగాపూర్‌లోని సహకార చక్కెర కర్మాగారం కూడా చాలాకాలంగా మూతబడి ఉంది. కామారెడ్డి వైపు గాయత్రి షుగర్స్ వంటి ప్రైవేటు మిల్లులు చెరకు ఆడుతున్నాయి. నేడు ఈ ప్రాంతంలో ఎక్కువమందికి, అందులోనూ మహిళలకు, ఉపాధినిచ్చేది బీడీ పరిశ్రమ. రైసుమిల్లులు, పసుపు మార్కెట్ యార్డు, ప్రైవేటు ఆసుపత్రులు, బడులు, దుకాణాలు ఆ తర్వాత వస్తాయి.

చట్టం ఏం చెప్పమంటుంది

భారతీయ కార్మిక చట్టాలు ప్రయోజనాలు ఇమ్మనడంతో ఆగలేదు. వాటిని తెలియజేయమని కూడా అడుగడుగునా చెప్పాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం చట్టం, నియమాల సారాంశాన్ని ఇంగ్లీషులోనూ, ఎక్కువమంది కార్మికులకు అర్థమయ్యే భాషలోనూ ప్రధాన ద్వారం దగ్గర అంటించాలి. 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కూడా ఇలాంటి షరతే పెట్టింది. ఫ్యాక్టరీల చట్టం కింద 500 మంది, అంతకుమించి కార్మికులున్న ఫ్యాక్టరీలో సంక్షేమ అధికారి ఉండాల్సి వచ్చేది. 250 మంది దాటితే క్యాంటీన్, 30 మందికి మించి మహిళలుంటే శిశు సంరక్షణ గది ఉండాలని ఆ చట్టం కోరేది. 100 మంది, అంతకుమించి కార్మికులున్న చోట ఇరుపక్షాల ప్రతినిధులతో వర్క్స్ కమిటీ ఏర్పాటు చేయమని ప్రభుత్వం ఆదేశించవచ్చని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. అదే చట్టం ప్రకారం భవిష్యనిధి చందా, అలవెన్సులు, సెలవుల వంటి వాటిలో కార్మికుడికి నష్టం కలిగించే మార్పు చేయదలిస్తే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.

ప్రసూతి ప్రయోజనాల చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. 2017 సవరణ తర్వాత, ప్రతి మహిళకూ ఉద్యోగంలో చేరిన నాడే ఈ చట్టం కింద దక్కే ప్రతి ప్రయోజనాన్నీ రాతపూర్వకంగా, ఎలక్ట్రానిక్ రూపంలో తెలియజేయడం సంస్థ విధి అయింది. గోడకు అంటించిన కాగితం అందరికీ చెప్పినట్టు కనిపిస్తుంది గానీ, ఏ ఒక్కరికీ చేర్చినట్టు రుజువు ఉండదు. ఈ సవరణ ఆ లోపాన్ని గుర్తించింది. అంతకంటే బలమైనది 1972 నాటి గ్రాట్యుటీ చట్టంలోని నిబంధన. గ్రాట్యుటీ చెల్లించాల్సిన సమయం రాగానే, ఉద్యోగి దరఖాస్తు పెట్టినా పెట్టకపోయినా, యాజమాన్యమే మొత్తాన్ని లెక్కగట్టి అతడికీ, ప్రభుత్వం నియమించిన కంట్రోలింగ్ అథారిటీకీ రాతపూర్వకంగా తెలపాలి. 30 రోజుల్లో డబ్బు చెల్లించాలి. అడిగినవారికే ఇస్తామనే అలవాటుకు చట్టంలో ఆధారం లేదన్నమాట. చిన్న సంస్థల్లో ఈ నిబంధన గుమాస్తాలకే తెలియదు.

2025 నవంబరు 21 నుంచి 4 కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి. పాత చట్టాలు వీటిలో కలిసిపోయాయి. పైన చెప్పిన విధుల్లో ఎక్కువ భాగం కొత్త స్మృతుల్లోనూ కొనసాగాయి. ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి కావడం ఇప్పటివరకు నోటిమాట మీద నడిచిన మిల్లులకు, దుకాణాలకు పెద్ద మార్పు. ప్రయోజనాలు తెలపడానికి ఆ పత్రమే మొదటి అవకాశం.

సీజను మిల్లు, సీజను కార్మికుడు

చక్కెర మిల్లు చలికాలంలో మొదలై ఎండలు ముదిరేలోపు ఆగిపోతుంది. పర్మినెంటు కార్మికులు ఏడాదంతా ఉంటారు. సీజనల్ కార్మికులు క్రషింగ్ మొదలవగానే వచ్చి, ముగిశాక వెళ్లిపోతారు. ఇద్దరూ ఒకే బాయిలర్ దగ్గర, ఒకే షిఫ్టులో పనిచేసినా వారి హక్కుల లెక్క ఒకటి కాదు. సమాచారం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

గ్రాట్యుటీనే చూస్తే, ఏడాదంతా పనిచేసేవారికి ప్రతి సర్వీసు సంవత్సరానికీ 15 రోజుల వేతనం వస్తుంది. నెల వేతనాన్ని 26తో భాగించి రోజు వేతనం తీస్తారు. చివరి నెల మూల వేతనం, కరువు భత్యం కలిపి 13,000 రూపాయలు ఉంటే రోజుకు 500, ఏడాదికి 7,500, 20 ఏళ్ల సర్వీసుకు 1,50,000 రూపాయలు అవుతుంది. సీజన్‌లో మాత్రమే పనిచేసేవారికి ప్రతి సీజనుకూ 7 రోజుల వేతనమే. అదే వేతనంతో 20 సీజన్లు చేసిన వ్యక్తికి 70,000 రూపాయలు వస్తుంది. సగం కంటే తక్కువ ఎందుకు వచ్చిందో ముందే చెప్పకపోతే, గుమాస్తా మింగేశాడనే అనుమానం సహజం. మరో ముఖ్యమైన అంశం ఉంది. సీజనల్ కార్మికుడి సర్వీసు నిరంతరంగా సాగినట్టు లెక్కించాలంటే, ఆ ఏడాది మిల్లు నడిచిన రోజుల్లో కనీసం 75 శాతం పనిచేసి ఉండాలి. అందరికీ తెలిసిన 240 రోజుల నియమం అతడికి వర్తించదు. తాను ఏడాదిలో 5 నెలలే పనిచేశాను కాబట్టి గ్రాట్యుటీ రాదనుకునే కార్మికుడికి ఈ ఒక్క మాట చెబితే హక్కు తెలిసినట్టే.

వైద్యం విషయంలో గందరగోళం మరీ ఎక్కువ. కార్మిక రాజ్య బీమా, అంటే ఈఎస్ఐ, నెలకు 21,000 రూపాయల వరకు వేతనం ఉన్నవారికి వర్తిస్తుంది. ఉద్యోగి వాటా 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం. అయితే సీజనల్ ఫ్యాక్టరీలను ఈఎస్ఐ చట్టం మొదటినుంచీ మినహాయించింది. పత్తి జిన్నింగ్, వేరుశనగ పొట్టు తీయడం, తేయాకు వంటి పరిశ్రమలతో పాటు చక్కెర, బెల్లం తయారీ కూడా ఆ జాబితాలో ఉంది. నిజామాబాద్ పట్టణంలోని ఒక చిన్న వర్క్‌షాపు ఉద్యోగికి ఈఎస్ఐ కార్డు ఉండి, పెద్ద చక్కెర మిల్లు కార్మికుడికి లేకపోవడానికి కారణం ఇదే. మిల్లు సొంత ఆసుపత్రికి ఇంత ప్రాధాన్యం ఏర్పడటానికి కూడా ఇదొక కారణం. ఈఎస్ఐ లేని చోట యాజమాన్యం గ్రూపు ఆరోగ్య బీమా తీసుకుంటే, దాని పరిమితి ఎంత, తల్లిదండ్రులకు వర్తిస్తుందా, మిల్లు ఆగిన నెలల్లో కూడా అమల్లో ఉంటుందా అన్న మూడు ప్రశ్నలకు సీజను ముగిసేలోగా సమాధానం చెప్పాలి. మూడో ప్రశ్నను దాటవేసే కరపత్రాలే ఎక్కువ.

మిల్లు ఆగిన కాలంలో సీజనల్ కార్మికుడికి ఇచ్చే రిటైనింగ్ అలవెన్స్ చక్కెర వంటి సీజను పరిశ్రమల్లో కనిపించేది. 1957లో నియమించిన కేంద్ర వేతన మండలి కాలంలోనూ ఇది చర్చకు వచ్చింది. పిలిచినప్పుడు మళ్లీ పనికి రావాలన్నది దీని వెనుక ఉన్న షరతు. ఆ పిలుపు ఎలా వస్తుందో, ఎన్ని రోజుల్లో హాజరు కావాలో స్పష్టంగా చెప్పకపోతే అలవెన్సు మీద, సర్వీసు మీద తగాదాలు పుడతాయి.

భవిష్యనిధి: కనిపించే అంకె, కనిపించని వాటా

భవిష్యనిధి గురించి కార్మికులు అడిగే ప్రశ్నల్లో ముందు వచ్చేది, కంపెనీ నా కంటే తక్కువ ఎందుకు కట్టింది అన్నది. పాస్‌బుక్కులో ఉద్యోగి వాటా 12 శాతంగా, యాజమాన్యం వాటా 3.67 శాతంగా కనిపిస్తుంది. నిజానికి యాజమాన్యం కూడా 12 శాతమే కడుతుంది, అందులో 8.33 శాతం పెన్షన్ నిధికి వెళ్తుంది. బీడీ పరిశ్రమలో చందా రేటు 10 శాతమే కాబట్టి, పెన్షన్ వాటా పోగా ఖాతాలో కనిపించేది 1.67 శాతం. ఈ లెక్కను పేస్లిప్ వెనుక రెండు వరుసల్లో ముద్రిస్తే చాలు, ఏటా జరిగే వాదన ఆగిపోతుంది.

పెన్షన్ లెక్క దీనికంటే కష్టమైనది. పెన్షన్‌కు లెక్కించే సగటు వేతనాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. 4,000 రూపాయల వేతనంతో 15 ఏళ్లు పనిచేసినవారికి సూత్రం ప్రకారం వచ్చేది 857 రూపాయలే. 2014 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న 1,000 రూపాయల కనీస పెన్షన్ ఇలాంటి వారికోసమే. కనీసం 10 ఏళ్ల సర్వీసు ఉంటేనే నెలవారీ పెన్షన్ వస్తుంది. 7 ఏళ్లకో 8 ఏళ్లకో పని మానేసినవారు పెన్షన్ భాగాన్ని నగదుగా తీసుకుంటే ఆ సర్వీసు అక్కడితో చెరిగిపోతుంది. డబ్బు తీయకుండా స్కీం సర్టిఫికెట్ తీసుకుంటే తర్వాతి సర్వీసుతో కలుస్తుంది. కార్ఖానా మారడం మామూలైన చోట, ఈ ఎంపికను పని మానేసే రోజున కాక అంతకుముందే వివరించాలి. చేతికి డబ్బు అందుతుందన్న మాట వినిపించాక సర్టిఫికెట్ గురించి చెప్పినా ఎవరూ వినరు.

ఎక్కువమందికి తెలియని ప్రయోజనం, డిపాజిట్‌తో ముడిపడిన బీమా. 1976 నుంచి ఉన్న ఈ పథకానికి కార్మికుడు ఒక్క పైసా కట్టనక్కర లేదు, చందా యాజమాన్యమే కడుతుంది. సర్వీసులో ఉండగా చనిపోతే నామినీకి గరిష్ఠంగా 7 లక్షల రూపాయల దాకా వస్తుంది. దీనికి తోడు వితంతు పెన్షన్‌కు 10 ఏళ్ల సర్వీసు షరతు లేదు, ఒక్క నెల చందా జమ అయినా అర్హత ఉంటుంది. ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా విడిగా పెన్షన్ ఉంటుంది. పేస్లిప్‌లో కోత కనిపించదు కాబట్టి బీమా పథకం ఉన్నట్టే తెలియదు. పైగా ఈ సమాచారం అవసరమయ్యే నాటికి ఉద్యోగి ఉండడు. కాబట్టి చెప్పాల్సింది ఉద్యోగితో పాటు భార్యకు, లేదా భర్తకు.

నామినేషన్‌లోనూ ఒక మెలిక ఉంది. పెళ్లికి ముందు తల్లి పేరుతో రాసిన భవిష్యనిధి నామినేషన్ పెళ్లి కాగానే చెల్లదు, కొత్తది రాయాలి. ఊళ్లో పెళ్లి భోజనానికి సహోద్యోగులందరూ వెళ్తారు, పర్సనల్ విభాగం మాత్రం నామినేషన్ కాగితం పంపదు. పెళ్లి సెలవు మంజూరు పత్రంతోనే ఆ ఫారం జతచేసే పద్ధతి ఖర్చులేనిది, దాదాపు తప్పిపోనిది.

బీడీ కార్ఖానా నుంచి ఇంటి అరుగు దాకా

బీడీ పరిశ్రమలో కంపెనీకీ కార్మికురాలికీ మధ్య టేకేదారు ఉంటాడు. తునికాకు, తంబాకు అతడి దగ్గరే తీసుకుని, చుట్టిన బీడీలు అతడికే అప్పజెప్పి, వెయ్యి బీడీల లెక్కన కూలి అందుకుంటారు. చాలామంది మహిళలు కంపెనీ కార్యాలయం గడప తొక్కి ఉండరు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర పనిచేసేవారిని కూడా కార్మికులుగానే గుర్తించింది. బీడీ పరిశ్రమకు 1977లో భవిష్యనిధి చట్టం వర్తించింది. ఇంటి దగ్గర చుట్టేవారికి అది చెల్లదన్న కంపెనీల వాదనను 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. నిజామాబాద్‌లో భవిష్యనిధి సంస్థ ప్రాంతీయ కార్యాలయం ఉండటం ఈ ప్రాంతంలో చందాదారులు ఎంత విస్తారంగా ఉన్నారో చూపుతుంది.

ఇలాంటి చోట నోటీసు బోర్డు వల్ల ఉపయోగం లేదు. టేకేదారు నోటిమాటే సమాచారం, అతడికి తెలియనిది ఆమెకు తెలియదు. కొన్నిసార్లు అతడికి తెలిసినా చెప్పడానికి ఆసక్తి ఉండదు, ఎందుకంటే లెక్కలో చేరిన ప్రతి కార్మికురాలూ కంపెనీకి ఖర్చే. కాబట్టి సంస్థ ముందు టేకేదార్లకూ ప్యాకర్లకూ శిక్షణ ఇవ్వాలి, తర్వాత వారిని దాటి నేరుగా కార్మికురాలికి చేరే రెండో దారి కూడా తెరిచి ఉంచాలి. ఆకు, తంబాకు పంచే రోజున చిన్న కాగితం కూడా చేతికివ్వడం, లాగ్‌బుక్కు అట్ట లోపలివైపు భవిష్యనిధి నంబరు, గుర్తింపు సంఖ్య, ఫిర్యాదుకు వెళ్లాల్సిన చోటు ముద్రించడం ఆ రెండో దారులు. లాగ్‌బుక్కు ఆమె దాచుకునే వస్తువు. కరపత్రానికి అంత ఆయుష్షు ఉండదు.

తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు ఆసరా పథకం కింద ఇచ్చే జీవన భృతి ఇక్కడ అనుకోని పాఠం అయింది. మొదట నెలకు 1,000 రూపాయలుగా మొదలై, 2019లో 2,016 రూపాయలైన ఈ భృతికి భవిష్యనిధి సభ్యత్వాన్ని ఆధారంగా తీసుకున్నారు. అప్పటిదాకా పీఎఫ్ నంబరును కోతగా మాత్రమే చూసిన మహిళలు ఆ నంబరు కోసం వెతుక్కున్నారు. అదే సమయంలో రికార్డుల్లోని తప్పులూ బయటపడ్డాయి. కార్ఖానా రిజిస్టరులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, ఓటరు కార్డులో మరో వయసు. క్లెయిము తిరస్కరణకు ఇలాంటి తేడాలు తరచూ కారణమవుతాయి. సరిచేయడానికి చాలా సందర్భాల్లో కార్మికురాలూ యాజమాన్యమూ కలిసి ఉమ్మడి ప్రకటన ఇవ్వాల్సి వస్తుంది. కంపెనీ మూతబడ్డాక ఆ సంతకం దొరకడం కష్టం. ఏడాదికోసారి ప్రతి కార్మికురాలికీ రికార్డులో ఉన్న పేరు, పుట్టిన తేదీ, భర్త లేదా తండ్రి పేరు చదివి వినిపించి సరిచూసుకోమనడం ఈ ప్రాంతంలో అన్ని సమాచార కార్యక్రమాల కంటే విలువైనది. చూడటానికి గుమాస్తా పనిలా ఉంటుంది గానీ, అసలు సమాచారం ఇదే.

బీడీ కార్మికుల సంక్షేమ నిధి 1976 చట్టంతో ఏర్పడింది. డిస్పెన్సరీలు, పిల్లల స్కాలర్‌షిప్‌లు దీని కిందివే. బీడీల మీద వసూలు చేసిన సెస్సు 2017లో జీఎస్టీతో రద్దయింది, పథకాలు మాత్రం బడ్జెట్ నిధులతో సాగుతున్నాయి. వీటన్నింటికీ బీడీ కార్మికుల గుర్తింపు కార్డే తాళంచెవి. సెస్సు పోయింది కాబట్టి పథకాలూ పోయాయన్న అపోహ కలగకుండా చూడటం కంపెనీలకు పెద్ద పనేమీ కాదు.

భాష, గొంతు, సమయం

నిజామాబాద్‌లో తెలుగుతో పాటు ఉర్దూ, బోధన్ వైపు మరాఠీ మాట్లాడే కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. రైసుమిల్లుల్లో బీహార్ నుంచి వచ్చిన హమాలీలకు హిందీ కావాలి. చట్టం కోరే మెజారిటీ భాష తెలుగు అయినా, ఆ ఒక్క భాషతో ఆగితే పక్క వరుసలో ఉన్నవారు మిగిలిపోతారు. తెలుగులోనూ కార్యాలయాల తెలుగు ఒకటి, మనుషుల తెలుగు ఒకటి. “అర్హత గల చందాదారు మరణానంతర ప్రయోజనములు” అని రాసిన కాగితాన్ని చదివించుకున్నా అర్థం కాదు. “పని చేస్తుండగా మనిషి పోతే ఇంట్లోవాళ్లకు ఎంత వస్తుంది” అని రాస్తే చదవలేనివారు కూడా విని అర్థం చేసుకుంటారు. పీఎఫ్, గ్రాట్యుటీ, నామినీ, పెన్షన్ అన్న మాటలు కార్మికుల నోట్లో నానినవే కాబట్టి వాటికి కొత్త తెలుగు పదాలు కట్టడం వృథా శ్రమ. భవిష్యనిధి సంస్థ పంపే సంక్షిప్త సందేశాన్ని తెలుగులో కూడా కోరుకోవచ్చు. ఈ సౌకర్యం ఉందని చెప్పేవారే కరువు.

చక్కెర మిల్లుల్లో, బీడీ కార్ఖానాల్లో బలమైన సమాచార వేదిక గేటు మీటింగు. దాన్ని కార్మిక సంఘాలు నడుపుతాయి, యాజమాన్యాలు అనుమానంగా చూస్తాయి. ప్రయోజనాల విషయంలో ఈ అనుమానం పనికిరాదు. సంఘం నాయకుడి నోట వచ్చిన మాటను కార్మికుడు నమ్మినంతగా యాజమాన్యం సర్క్యులర్‌ను నమ్మడు. ఒప్పందం కుదిరిన అంశాలను ఇరుపక్షాలూ ఒకే కాగితం మీద సంతకాలతో విడుదల చేస్తే రెండు రకాల ప్రచారం ఉండదు. సంఘం లేని చిన్న సంస్థల్లో ఆ స్థానాన్ని పాత మేస్త్రీ, నర్సింగ్ సూపరింటెండెంట్, సీనియర్ గుమాస్తా వంటివారు భర్తీ చేస్తారు. సంస్థలు పట్టించుకున్నా పట్టించుకోకపోయినా కొత్తవాళ్లు వెళ్లి అడిగేది వాళ్లనే.

ఫోన్ మీద ఆశ ఎక్కువ పెట్టుకోకూడదు. వాట్సాప్ గ్రూపు చవకైనదే, వాయిస్ మెసేజ్ చదువురాని వారికీ చేరుతుంది. కానీ చాలా ఇళ్లలో ఫోను కొడుకు చేతిలో ఉంటుంది. భవిష్యనిధి ఖాతాకు, ఆధార్‌కు ఎవరి నంబరు జతచేస్తే ఓటీపీ వారికే వెళ్తుంది. నంబరు తన సొంతమేనా అని అడిగి నమోదు చేయడం, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని హెచ్చరించడం కూడా సంక్షేమ సమాచారంలో భాగమే. గర్భం, దీర్ఘకాలిక జబ్బు వంటి విషయాల మీద అడిగే ప్రశ్నలకు గ్రూపు తగిన చోటు కాదు. వాటికి విడిగా మాట్లాడే మనిషి కావాలి.

ఏడాదికోసారి అన్ని పథకాలనూ కలిపి గంటసేపు వివరించే సభలు చూడటానికి బాగుంటాయి, గుర్తుండేది తక్కువ. మనిషి ఏ మలుపులో ఉన్నాడో ఆ మలుపుకు కావలసిందే చెప్పాలి. చేరిన రోజున గుర్తింపు సంఖ్య, నామినేషన్. పెళ్లయ్యాక కొత్త నామినేషన్. గర్భవతి అయినప్పుడు, గత 12 నెలల్లో 80 రోజుల పని షరతు, 26 వారాల సెలవు. సీజను ముగిసేటప్పుడు హాజరు రోజుల లెక్క. 50 దాటాక, 58 ఏళ్లకు పూర్తి పెన్షన్ వస్తుందని, ముందే తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుందని. పెన్షన్ మొదలయ్యాక ఏటా జీవన ప్రమాణ పత్రం. వేరే దేశాల్లోనూ అనుభవం ఇదే దిశగా సాగింది. అమెరికాలో 1974 నాటి పెన్షన్ చట్టం, పథకం సారాంశాన్ని సగటు సభ్యుడికి అర్థమయ్యే భాషలో ఇవ్వమని కంపెనీలను ఆదేశించింది. ఆ పత్రాలే కాలక్రమంలో లాయర్లకు తప్ప అర్థం కానంతగా లావెక్కాయి. తర్వాత అక్కడా, బ్రిటన్‌లోనూ వివరణల కంటే ఉద్యోగిని నేరుగా పథకంలో చేర్చేసి, వద్దంటే బయటికి వెళ్లే వీలిచ్చే పద్ధతి ఎక్కువ ఫలితమిచ్చింది. భారతదేశంలో తక్కువ వేతనాలవారికి భవిష్యనిధి తప్పనిసరే కాబట్టి చేరడం సమస్య కాదు. ఇక్కడ చిక్కు తీసుకునే దగ్గరే ఉంది.

మూతబడినప్పుడు

సంస్థ మూతబడిన వేళ సమాచారం అవసరం పదింతలవుతుంది, చెప్పే యంత్రాంగం మాత్రం మాయమవుతుంది. శక్కర్‌నగర్ ఉదంతం ఇందుకు ఉదాహరణ. 2016 నాటి దివాలా స్మృతి కింద ప్రక్రియ మొదలైతే, బాకీలున్నవారు క్లెయిములు వేయాలని ఒక ఇంగ్లీషు పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో ప్రకటన ఇస్తారు. కార్మికులు కూడా నిర్ణీత ఫారంలో క్లెయిము వేయాలి, ఎక్కువమంది తరఫున ఒక ప్రతినిధి కూడా వేయవచ్చు. ఆ ప్రకటన వచ్చిన పేజీ కంట పడకపోతే గడువు దాటిపోయే ప్రమాదం ఉంటుంది. లిక్విడేషన్‌లో 24 నెలల కార్మిక బకాయిలకు సెక్యూర్డ్ రుణదాతలతో సమాన స్థానం ఉంది. భవిష్యనిధి, పెన్షన్, గ్రాట్యుటీ నిధుల్లో కార్మికులకు చెందాల్సిన సొమ్ము పంపిణీ చేసే ఆస్తిలో కలవదు. ఈ రెండు విషయాలూ కార్మికుడికి తెలిస్తే, ఏది క్లెయిము వేసి రాబట్టుకోవాలో, ఏది భవిష్యనిధి కార్యాలయంలో అడగాలో తేడా తెలుస్తుంది.

ఇలాంటి పరిస్థితిలో మిగిలేది కార్మికుడి ఇంట్లో ఉన్న కాగితాలే. నియామక పత్రం, చివరి ఏడాది పేస్లిప్‌లు, సర్వీసు ధ్రువపత్రం, నామినేషన్ నకలు, పీఎఫ్ గుర్తింపు సంఖ్య. సంస్థ నడుస్తున్నప్పుడే వీటి నకళ్లు కార్మికుల చేతికివ్వడం చాలా యాజమాన్యాలకు అనవసరపు తద్దినంగా తోస్తుంది. గల్ఫ్ వలస ఎక్కువగా ఉన్న ఈ జిల్లాలో ఇదే అలవాటు పరదేశంలోనూ అక్కరకొస్తుంది. యూఏఈలో పని వదిలి వచ్చేటప్పుడు మొదటి 5 ఏళ్లకు ఏడాదికి 21 రోజుల చొప్పున, ఆపై 30 రోజుల చొప్పున సర్వీసు ముగింపు గ్రాట్యుటీ వస్తుందని, దానికి కాంట్రాక్టు ప్రతి చేతిలో ఉండాలని తెలియకుండా తిరిగి వచ్చేవారున్నారు.

ఫలితాన్ని కొలవడం

ఎన్ని కరపత్రాలు పంచారు, ఎన్ని సభలు పెట్టారు అన్నవి ఖర్చు లెక్కలు. సమాచారం చేరిందా అన్నది వేరే అంకెల్లో కనిపిస్తుంది. ఉద్యోగుల్లో చెల్లుబాటయ్యే నామినేషన్ ఉన్నవారెందరు, పీఎఫ్ గుర్తింపు సంఖ్యను క్రియాశీలం చేసుకున్నవారెందరు, గత ఏడాది తిరస్కరణకు గురైన క్లెయిముల్లో పేరు లేదా పుట్టిన తేదీ తేడా వల్ల పోయినవి ఎన్ని, సర్వీసులో మరణించినవారి కుటుంబాల్లో బీమా సొమ్ము అందుకున్నవారెందరు. చివరి రెండు అంకెలు చాలా సంస్థల దగ్గర ఉండవు. అంకెలకు తోడు ఒక సాదా పరీక్ష కూడా ఉంది. షిఫ్టు దిగుతున్న పదిమందిని ఆపి, మీకు ఏమైనా అయితే ఇంట్లోవాళ్లు మొదట ఎక్కడికి వెళ్లాలి అని అడిగితే వచ్చే జవాబులు సర్వే ఫారాల కంటే ఎక్కువ చెబుతాయి.

భవిష్యనిధి సంస్థ ప్రతి నెలా 27న జిల్లాల్లో నిర్వహించే “నిధి ఆప్‌కే నికట్” శిబిరాలకు యాజమాన్యాలు తమ ఉద్యోగులను పంపవచ్చు. సమాధానం నేరుగా అధికారి నుంచి వస్తుంది కాబట్టి కంపెనీ మాట మీద ఉండే అపనమ్మకం అక్కడ అడ్డురాదు. సెలవు కోత లేకుండా సగం పూట అనుమతించడమే దీనికి అయ్యే ఖర్చు.